మార్చి 31 తర్వాత దిద్దలేని తప్పు: మేస్త్రీ పన్ను, యజమాని కాగితం

గుత్తేదారుకు డబ్బు ఇచ్చేటప్పుడు కోసిన టీడీఎస్‌లో పాన్ నంబరు ఒక్క అక్షరం తప్పు పడితే, ఆ తప్పును ఎప్పటిలోగా దిద్దుకోవచ్చు? నిరుడు మార్చి వరకూ దీనికి గడువన్నదే లేదు. 2024 బడ్జెట్ ఆరేళ్ల హద్దు పెట్టింది. అది 2025 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. ఏడాది తిరక్కుండానే ఈ ఏప్రిల్ 1 నుంచి రాబోతున్న ఆదాయపు పన్ను చట్టం-2025 ఆ హద్దును రెండేళ్లకు కుదించింది.

దీని ఫలితం ఒక్క తేదీ మీదికి వచ్చి పడింది. 2018-19 చివరి త్రైమాసికం నుంచి 2023-24 మూడో త్రైమాసికం దాకా దాఖలైన టీడీఎస్ రిటర్నులన్నింటికీ దిద్దుబాటు గడువు 2026 మార్చి 31తో ముగుస్తుంది. పాత లెక్క ప్రకారం 2022 అక్టోబరులో వేసిన రిటర్నును 2029 మార్చి దాకా సరిచేసుకునే వీలుండేది. ఆ మూడేళ్లూ ఒక్కసారిగా పోయాయి.

పెద్ద కంపెనీలకు ఇదేమంత పెద్ద మాట కాదు. వాటి లెక్కల విభాగాలు పాత రిటర్నులు తిరగేసి సరిచూసుకుంటాయి. ఇబ్బంది ఎక్కడంటే, యజమానే క్యాషియరుగా, రాయపూర్‌లో ఉండే పన్ను సలహాదారు మూడు నెలలకోసారి ఫోనులో పలకరించే చిన్న వ్యాపారాల్లో. ఇంకా చెప్పాలంటే ఇబ్బంది ఆ యజమానికి కూడా కాదు, ఆయన దగ్గర పని చేసిన గుత్తేదారుకు.

ఆరంగ్ లాంటి ఊళ్లో ఈ సంగతి స్పష్టంగా కనిపిస్తుంది. రాయపూర్ జిల్లాలో మహానది ఒడ్డున, ముంబయి-కోల్‌కతా రహదారి మీద ఉన్న తాలూకా కేంద్రం అది. మనకు మరీ పరాయి ఊరు కూడా కాదు. 1931లో పూర్తయిన విజయనగరం-రాయపూర్ రైలు మార్గంలో ఆరంగ్ మహానది ఒక స్టేషను. ఇప్పుడు రాయపూర్ నుంచి విశాఖ దాకా ఆరు వరుసల రహదారి కూడా వేస్తున్నారు. రోడ్డు, కాంక్రీటు పనులకు ఉత్తరాంధ్ర నుంచి జట్లు అటు వెళ్లడం, నది అవతలి మహాసముంద్ నుంచి కూలీలు తెలంగాణ ఇటుక బట్టీలకు రావడం ఎప్పటినుంచో ఉన్నదే. ఆరంగ్ చుట్టుపక్కల వ్యాపారమంటే ప్రధానంగా ధాన్యం, బియ్యం మిల్లులు, లారీలు, కట్టుబడి పనులు. ధాన్యం కొనుగోళ్లు జోరుగా సాగేది నవంబరు నుంచి జనవరి దాకా. అక్టోబరు-డిసెంబరు త్రైమాసికం టీడీఎస్ రిటర్ను గడువు జనవరి 31. అంటే మిల్లులో ఊపిరాడని రోజులూ, కాగితాల గడువూ ఏటా ఒకేసారి వస్తాయి.

ఇక్కడి మిల్లు యజమానికి ఎదురయ్యే గుత్తేదార్లు మూడు రకాలు. బస్తాలు ఎత్తి దించే హమాలీ ముఠా మేస్త్రీ, లారీల వాళ్లు, షెడ్డు కట్టే లేదా యంత్రం బిగించే పనివాళ్లు. చట్టం దృష్టిలో ముగ్గురూ కాంట్రాక్టర్లే. ఆదాయపు పన్ను చట్టం 194సి సెక్షను వీళ్లకు వర్తిస్తుంది. కొత్త చట్టంలో ఇది 393వ సెక్షను పట్టికలోకి వెళ్తుంది. వ్యక్తికైతే 1 శాతం, సంస్థకైతే 2 శాతం కోయాలి. ఒక్క చెల్లింపు రూ.30 వేలు దాటినా, ఏడాదిలో మొత్తం రూ.లక్ష దాటినా కోత తప్పదు. సొంత పేరుతో వ్యాపారం చేసే వ్యక్తికి అంతకుముందు ఏడాది టర్నోవరు కోటి దాటితేనే ఈ బాధ్యత. భాగస్వామ్య సంస్థ అయితే టర్నోవరుతో పనిలేదు, మొదటి రోజు నుంచే కోయాలి. అన్నదమ్ములు కలిసి చిన్న మిల్లు పెట్టుకుని, కోటి దాటలేదు కదా అని ఊరుకునేది ఇక్కడే.

ఒక్క శాతం ఎవరిది?

ఒక లెక్క వేసుకుందాం. మిల్లు తన ముఠా మేస్త్రీకి ఏడాదిలో రూ.12 లక్షలు ఇచ్చిందనుకోండి. అందులో రూ.12 వేలు టీడీఎస్. చూడ్డానికి చిన్న మొత్తమే. కానీ ఆ 12 లక్షలు మేస్త్రీవి కావు, ముప్పై నలభై మంది కూలి డబ్బులు. అతనికి మిగిలేది నూటికి ఐదనుకుంటే రూ.60 వేలు. అంటే కోసిన పన్ను అతని అసలు సంపాదనలో ఐదో వంతు. 44ఏడీ కింద బ్యాంకు ద్వారా వచ్చిన వసూళ్లపై 6 శాతం లాభంగా చూపించినా అతని ఆదాయం రూ.72 వేలే. కొత్త విధానంలో రూ.4 లక్షల వరకూ పన్నే లేదు. అతను ప్రభుత్వానికి ఒక్క రూపాయి బాకీ లేడు. అయినా రూ.12 వేలు ముందే కట్టేశాడు. అది వెనక్కి రావాలంటే రిటర్ను వేయాలి, వేయించిన వారికి ఫీజు ఇవ్వాలి, వాపసు కోసం ఎదురుచూడాలి.

బ్యాంకులో డిపాజిట్ ఉన్నవారికి ఈ బాధ లేదు. తనకు పన్ను పడదని ఫారం 15జీ రాసిస్తే బ్యాంకు వడ్డీలో కోత పెట్టదు. అదే సదుపాయం 194సి కింద పని చేసే గుత్తేదారుకు లేదు. అతను ఫారం 13 పెట్టుకుని ఆదాయపు పన్ను అధికారి నుంచి తక్కువ కోత సర్టిఫికెట్ తెచ్చుకోవచ్చు. హమాలీ మేస్త్రీ ఆ దారి తొక్కుతాడని ఎవరైనా అనుకుంటే అది నిబంధన రాసినవారి ఊహాశక్తి.

పాన్ ఇవ్వకపోతే కోత 20 శాతం. పాన్ ఉండి ఆధార్‌తో అనుసంధానం కాకపోయినా అంతే. రూ.12 లక్షల మీద అది రూ.2.4 లక్షలు, అంటే మేస్త్రీ మిగులుకు నాలుగు రెట్లు. అంత కోస్తే అతను మర్నాడు పనికి రాడు. కాబట్టి ఆచరణలో జరిగేది వేరు. కొందరు యజమానులు ఒక శాతమే కోసి తర్వాత చూద్దామంటారు, మరికొందరు మేస్త్రీ బావమరిది పాన్ వేస్తారు. 2025 జులైలో ప్రత్యక్ష పన్నుల బోర్డు కొంత సడలింపు ఇచ్చింది. ఆగస్టు 1 నుంచి చేసిన చెల్లింపులకు, చెల్లించిన నెల ముగిశాక రెండు నెలల్లోగా పాన్ మళ్లీ చెల్లుబాటులోకి వస్తే ఎక్కువ కోత బాధ్యత యజమాని మీద పడదు. రిటర్నులు వేయనివారికి రెట్టింపు కోత పెట్టే 206ఏబీ సెక్షనును కూడా గత ఏప్రిల్ నుంచి తీసేశారు. ఈ రెండూ మంచి పనులే.

అసలు ఈ డబ్బంతా ఒక్క మేస్త్రీ ఖాతాలోకి ఎందుకు వెళ్తుంది? ఒక మనిషికి ఒక రోజులో రూ.10 వేలకు మించి నగదు ఇస్తే ఆ ఖర్చును పన్ను లెక్కలో ఒప్పుకోరు. అందుకని మిల్లు బ్యాంకు ద్వారా మేస్త్రీకి వేస్తుంది, అతను నగదు తీసి పంచుతాడు. కూలీలకు నేరుగా ఇస్తే 194సి గొడవే ఉండదు, అది కూలి అవుతుంది. కానీ అప్పుడు మస్టరు రాయాలి, పీఎఫ్, ఈఎస్‌ఐ ప్రశ్నలు వస్తాయి. యజమానికి మేస్త్రీ కావాల్సింది బస్తాలు ఎత్తించడానికి ఎంతో, ఈ ప్రశ్నలను దూరంగా ఉంచడానికి కూడా అంతే. ఈ మాట చిన్న వ్యాపారుల సంఘాల వినతిపత్రాల్లో కనిపించదు.

ఆ తర్వాత మేస్త్రీ పాన్ మీద కనిపించే అంకె అతనికి ఇంకో ముడి వేస్తుంది. సేవలు అందించేవారికి జీఎస్టీ రిజిస్ట్రేషను హద్దు రూ.20 లక్షలు. బియ్యం బస్తాల ఎత్తుడు, దింపుడు జీఎస్టీ నుంచి మినహాయింపు పొందిన సేవ. అదే మేస్త్రీ తన జట్టును రోడ్డు పనికి కూడా పంపితే అది 18 శాతం పన్ను పడే సేవ. మిల్లులో రూ.18 లక్షలు, రోడ్డు పనిలో రూ.5 లక్షలు వచ్చాయనుకుందాం. హద్దు లెక్కలో మినహాయింపు సేవలు కూడా కలుస్తాయి కాబట్టి అతను రిజిస్ట్రేషను తీసుకుని ఆ ఐదు లక్షల మీద పన్ను కట్టాల్సిందే. బిల్లు రాసే తీరు కూడా ముఖ్యమే. బస్తాకు ఇంత అని రాస్తే అది ఎత్తుడు కూలి. మనిషికి రోజుకు ఇంత అని రాస్తే మనుషుల సరఫరాగా చూసి పన్ను వేసే ఆస్కారం ఉంది. నిరుడు జులైలో కర్ణాటకలో యూపీఐ వసూళ్లు చూసి చిల్లర దుకాణాలకు జీఎస్టీ నోటీసులు వెళ్లడం చూశాం. ఫారం 26ఏఎస్‌లో కనిపించే అంకెలు యూపీఐ కంటే తేలిగ్గా దొరికేవి.

గడువులు, వడ్డీలు

యజమాని వైపు చూస్తే కోసిన పన్ను మర్నెల 7లోగా కట్టాలి, మార్చిది మాత్రం ఏప్రిల్ 30లోగా. కోయకపోతే నెలకు 1 శాతం వడ్డీ, కోసి కట్టకపోతే 1.5 శాతం. నెలలో కొంత భాగమైనా పూర్తి నెలే. జనవరి 30న కోసిన పన్ను ఫిబ్రవరి 8న కడితే ఆలస్యం ఒక్క రోజే. ట్రేసెస్ పోర్టల్ మాత్రం క్యాలెండరు నెలలు లెక్కించి రెండు నెలల వడ్డీ వేస్తుంది. త్రైమాసిక రిటర్ను ఆలస్యమైతే రోజుకు రూ.200. ఒక త్రైమాసికంలో కోసిన పన్ను రూ.3 వేలే అయితే పదిహేను రోజుల ఆలస్యానికి ఫీజు పన్నుతో సమానమవుతుంది. అసలు కోయకపోతే ఆ ఖర్చులో 30 శాతాన్ని ఆ ఏడాదికి ఒప్పుకోరు. పై ఉదాహరణలో రూ.3.6 లక్షలు యజమాని ఆదాయంలో కలుస్తాయి. 30 శాతం రేటున చూస్తే రూ.1.08 లక్షల పన్ను. తర్వాత టీడీఎస్ కట్టిన ఏడాదిలో ఆ ఖర్చు తిరిగి కలుపుకోవచ్చు గానీ అప్పటిదాకా డబ్బు ఇరుక్కున్నట్లే.

తప్పులు ఎక్కువగా దొర్లేది అడ్వాన్సుల దగ్గర. సీజను ముందు మేస్త్రీకి ఇచ్చే అడ్వాన్సు మీద కూడా అప్పుడే కోయాలి, బిల్లు వచ్చేదాకా ఆగకూడదు. హద్దుల లెక్క ఇంకోటి. నాలుగుసార్లు రూ.24 వేల చొప్పున ఇచ్చారు, కోత లేదు. ఐదోసారి ఇచ్చేసరికి మొత్తం రూ.1.2 లక్షలైంది. అప్పుడు ఐదో బిల్లు మీద కాదు, మొత్తం మీద రూ.1,200 కోయాలి. లారీల విషయంలో పది బండ్లకు మించి లేని యజమాని పాన్‌తో పాటు డిక్లరేషను ఇస్తే కోత ఉండదు. అయినా ఆ చెల్లింపును 26క్యూలో చూపించాలి. కోత లేదు కదా అని చూపించకుండా వదిలేసేవాళ్లు చాలామంది. పైగా డిక్లరేషను ఇవ్వాల్సింది బండి నడిపే డ్రైవరో, మధ్యలో బ్రోకరో కాదు. బిల్లులో జీఎస్టీ విడిగా ఉంటే ఆ భాగం మీద టీడీఎస్ అక్కర్లేదన్నది 2017 నుంచే ఉన్న సర్క్యులర్. ఇంకా మొత్తం మీద కోసేస్తున్న చోట్లున్నాయి. విజయనగరం నుంచి వెళ్లిన మేస్త్రీకి జీఎస్టీ లెక్క రాష్ట్రం దాటగానే మారుతుంది, ఆదాయపు పన్నులో మాత్రం ఎక్కడ పని చేసినా పాన్ ఒకటే.

ఇంత బాధ్యత మోసేవాడికి ప్రభుత్వం ఇచ్చేది ఏమీ లేదు. ఖర్చు అతనిది, శిక్ష అతనిది, వసూలైన పన్ను ఖజానాది. టీడీఎస్ వ్యవస్థనే సవాలు చేస్తూ న్యాయవాది అశ్వినీ ఉపాధ్యాయ వేసిన పిటిషనును 2025 జనవరిలో సుప్రీంకోర్టు విచారణకు తీసుకోలేదు, ఢిల్లీ హైకోర్టుకు వెళ్లమంది. కోర్టుల్లో ఇది తేలే విషయం కాదనే నా అభిప్రాయం. అక్కడక్కడా వసూలయ్యే పన్నును మొదట్లోనే పట్టుకోవడానికి టీడీఎస్ కంటే మెరుగైన సాధనం ప్రభుత్వం చేతిలో లేదు. అడగాల్సింది దాన్ని ఎత్తేయమని కాదు, ఎవరి దాకా దించాలి అని.

ఆ హద్దు దగ్గరే ప్రభుత్వ వైఖరి అర్థం కాదు. రూ.30 వేల హద్దు 2010 జులై 1 నాటిది. ఏడాది మొత్తం హద్దును 2016 జూన్‌లో రూ.75 వేల నుంచి లక్షకు పెంచారు. అంతే, మళ్లీ కదపలేదు. గత ఏడాది బడ్జెట్‌లో వృత్తి నిపుణుల ఫీజుకు హద్దు రూ.30 వేల నుంచి రూ.50 వేలకు, కమీషనుకు రూ.15 వేల నుంచి రూ.20 వేలకు పెంచారు. అద్దెకు ఏడాదికి రూ.2.4 లక్షలున్న హద్దు నెలకు రూ.50 వేలైంది. కాంట్రాక్టర్ల హద్దును మాత్రం వదిలేశారు. ప్రభుత్వమే ప్రకటించే ధరల సూచీ 2010-11లో 167 ఉంటే 2025-26లో 376. ఆ లెక్కన నాటి రూ.30 వేలు ఇప్పుడు సుమారు రూ.67,500. డాక్టరు, వకీలు, ఇంటి యజమాని విషయంలో ధరలు పెరిగాయని ఒప్పుకున్నవారు మేస్త్రీ విషయంలో ఒప్పుకోకపోవడానికి కారణం ఏమై ఉంటుందో పాఠకులే ఆలోచించాలి.

అమెరికాలో చిన్న వ్యాపారం చేసే తెలుగువారికి ఈ పోలిక వెంటనే తడుతుంది. అక్కడ కాంట్రాక్టరు తన గుర్తింపు నంబరు ఇస్తే పన్ను కోయరు, ఏడాది చివర 1099 ఫారంలో ఎంత ఇచ్చారో తెలియజేస్తారు. 1954 నుంచి 600 డాలర్ల దగ్గర ఆగిపోయిన హద్దును నిరుటి చట్టంతో ఈ జనవరి నుంచి 2,000 డాలర్లకు పెంచారు, వచ్చే ఏడాది నుంచి ధరలతో పాటు పెరిగేలా కట్టారు. బ్రిటన్ కట్టుబడి రంగంలో కోత మనకంటే చాలా ఎక్కువ, నమోదైన సబ్‌కాంట్రాక్టరుకే 20 శాతం. అయితే లెక్కలు సక్రమంగా ఉన్నవారికి కోత లేకుండా పూర్తి చెల్లింపు పొందే హోదా ఇస్తారు.

రెండేళ్ల తలుపు, ఐదేళ్ల తలుపు

ఇక మార్చి 31 సంగతి. తప్పు పాన్ పడ్డప్పుడు జరిగేది ఇది. మేస్త్రీ దగ్గర రూ.12 వేలు కోశారు, బ్యాంకులో కట్టారు, డబ్బు ఖజానాకు చేరింది. కానీ 26ఏఎస్‌లో అతని పేరు మీద కనిపించదు. వాపసు కోరితే లెక్క కలవలేదంటారు. పన్ను కోసిన తర్వాత అదే పన్నును మళ్లీ అతని నుంచి వసూలు చేయకూడదని పాత చట్టం 205వ సెక్షను చెబుతోంది. అది వసూలును ఆపుతుంది గానీ వాపసు మాత్రం రికార్డులో కనిపించే దాన్నిబట్టే వస్తుంది. ఆ రికార్డును దిద్దే అధికారం ఒక్క యజమానికే ఉంది. తన డబ్బే అయినా మేస్త్రీ పోర్టల్‌లో వేలు పెట్టలేడు.

విచిత్రం ఏమిటంటే, రిటర్ను గడువు దాటిపోయినవారు ఆలస్యానికి మన్నింపు కోరుతూ వాపసు అడగడానికి 2024 అక్టోబరు 1 నాటి సర్క్యులర్ ప్రకారం అసెస్‌మెంట్ సంవత్సరం ముగిశాక ఐదేళ్ల దాకా వీలుంది. ఉదాహరణకు 2022-23లో కోసిన పన్నుకు 2029 మార్చి వరకూ అర్జీ పెట్టుకోవచ్చు. కానీ ఆ అర్జీకి ఆధారమైన టీడీఎస్ రికార్డును సరిదిద్దే తలుపు ఈ మార్చిలోనే మూసుకుంటోంది. లోపలి గది తెరిచే ఉంది, వీధి తలుపుకు తాళం పడుతోంది. పాత రిటర్నులు ఏళ్ల తరబడి తిరగదోడుతుంటే లెక్కలు తేలవన్న శాఖ వాదనలో కొంత నిజముంది. అయినా గడువు యజమానికి పెట్టి నష్టం మేస్త్రీకి వదిలేయడం సరికాదు. పాన్ మార్పు ఒక్కదానికైనా ఐదేళ్లు ఉంచాలి. లేదంటే చెల్లింపు రుజువు చూపిన గుత్తేదారు నేరుగా అడిగే దారి పెట్టాలి. ఫిబ్రవరి 1న రాబోయే బడ్జెట్‌లో ఈ రెంటిలో ఒకటైనా, దాంతో పాటు చిన్న గుత్తేదార్లకు 15జీ లాంటి డిక్లరేషనూ ఉంటే ఖజానాకు పెద్దగా పోయేదేమీ ఉండదు, అది ఎలాగూ వాపసు ఇవ్వాల్సిన డబ్బే.

ఈలోగా పని వాయిదా వేసుకోవడానికి లేదు. యజమానులు 2018-19 చివరి త్రైమాసికం నుంచి రిటర్నులను ట్రేసెస్‌లో తెరిచి, పాన్ తప్పులు, వాడకుండా మిగిలిన చలాన్లు చూసుకోవాలి. పాత గుమాస్తా మానేసి, అక్కడ వాళ్లు మునీమ్ అంటారు, పాస్‌వర్డు, రసీదు టోకెన్ నంబర్లు అతనితోనే పోయిన చోట ముందుగా అవి సంపాదించాలి, దానికే వారం పడుతుంది. దిద్దుబాటు దాఖలు చేశాక అది పరిష్కారమైందో లేదో చూడటానికీ వ్యవధి ఉండాలి. అందుకని మార్చి చివరి వారం దాకా ఆగకూడదు. మేస్త్రీలు, లారీ యజమానులు ఆదాయపు పన్ను పోర్టల్‌లో తమ 26ఏఎస్ తీసి, తమ దగ్గర కోసిన మొత్తాలు అందులో ఉన్నాయో లేదో పోల్చుకోవాలి. లేకపోతే బిల్లు, బ్యాంకు స్టేట్‌మెంటు జతచేసి యజమానికి రాతపూర్వకంగా ఇవ్వాలి. నోటిమాట సరిపోదు. 2023-24 చివరి త్రైమాసికం, అంటే 2024 మే నెలాఖరు గడువున్న రిటర్ను, ఈ జాబితాలో లేదు. దానికి 2027 మార్చి 31 దాకా సమయం ఉంది.